స్వల్ప వ్యయముతో కంప్యూటరు నెట్‌వర్కు ప్రయోగశాల

కంప్యూటరు శాస్త్రము చదువు విద్యార్థిని నెట్‌వర్కు అనగానేమని అడిగినచో ఏడు పొరల పేర్లను పైనుండి క్రిందికి, క్రిందినుండి పైకి తడుముకొనకుండ ఒప్పజెప్పును. అదే విద్యార్థికి రెండు కంప్యూటర్లను, ఒక తీగను ఇచ్చి, ఒకదానిలోని ఫైలును రెండవదానికి పంపుమన్నచో ఎక్కడ మొదలుపెట్టవలెనో తోచక నిలుచుండిపోవును. ఇందులో విద్యార్థి లోపము స్వల్పము. గట్టున కూర్చుండబెట్టి ఈత నేర్పినచో నీటిలో దిగిననాడు జరుగునదే ఇక్కడను జరుగుచున్నది.

మన కళాశాల విషయములో ఈ చిక్కు మరికొంత ముదిరినది. ఉర్దూ మాధ్యమమునుండి కొందరు, తెలుగు మాధ్యమమునుండి కొందరు వచ్చి ఒకే బల్లపై కూర్చుందురు. పాఠ్యగ్రంథములు మాత్రము ఇంగ్లీషులో ఉన్నవి. ప్రోటోకాలు, ఎన్‌క్యాప్సులేషన్, రౌటింగ్ అను పదములు వారికి భావములుగా కాక బరువులుగా వచ్చి పడుచున్నవి. అర్థము కాని పదమును కంఠస్థము చేయుట తప్ప వేరు మార్గము లేదు. కంఠస్థము చేసినది పరీక్ష మరునాడు మిగులదు. తీగకు, బల్బుకు, చీటీకి మాధ్యమము లేదు. చేతితో చేసి చూచినదానికి పేరు తరువాత వచ్చినను నిలుచును.

ప్రయోగశాల అనగానే కళాశాల కమిటీ వారు "ఎంత ఖర్చగును?" అని అడుగుదురు. అది న్యాయమైన ప్రశ్నయే. ఖరీదైన రౌటర్లు, శీతల యంత్రముతో కూడిన గది, వరుసగా ముప్పది క్రొత్త కంప్యూటర్లు ఉన్నగాని నెట్‌వర్కు బోధన సాగదను అభిప్రాయము పలువురిలో కలదు. ఆ అభిప్రాయముతో మేము ఏకీభవించము. నెట్‌వర్కు శాస్త్రములోని మూలసూత్రములలో అధికభాగమును ఒక టార్చి బల్బు, ఒక కట్ట చీటీలు, కొన్ని మీటర్ల తీగ, మూల పడియున్న పాత కంప్యూటర్లు నాలుగైదు - వీటితో చూపవచ్చును. ఎట్లు చూపవచ్చునో ఈ వ్యాసములో వివరించుచున్నాము.

మొదటి పాఠమునకు కంప్యూటరు అవసరము లేదు. రెండు టార్చి సెల్సు, ఒక బల్బు, ఒక స్విచ్చి, పది మీటర్ల జంట తీగ చాలును. స్విచ్చి ఒక విద్యార్థి చేతిలో, బల్బు గది రెండవ కొసన మరియొక విద్యార్థి ముందు ఉండవలెను. బల్బు వెలిగిన 1, ఆరిన 0. ఇంగ్లీషు పెద్దబడి మొదటి అక్షరము 'ఏ'కు కంప్యూటరులో ఇచ్చిన సంఖ్య 65. దానిని ఎనిమిది బిట్లుగా వ్రాసిన 01000001. ఈ ఒక్క అక్షరమును పంపుమని చెప్పి ఉపాధ్యాయుడు ప్రక్కకు తొలగవలెను. సహాయము చేయరాదు. ఈ ప్రయోగమునకు ప్రాణము అదే.

మొదటి ప్రయత్నము నిశ్చయముగా విఫలమగును. సందేశములోని మొదటి బిట్టు 0. అనగా బల్బు ఆరియుండుట. పంపుట మొదలైనదో లేదో అందుకొనువాడు తెలుసుకొనలేడు. తరువాత వరుసగా ఐదు సున్నలు ఉన్నవి. బల్బు ఆరియున్న కాలములో సున్నలు నాలుగా, ఐదా, ఆరా అనునది లెక్కపెట్టు వేగముపై ఆధారపడును. ఇద్దరి లెక్కింపులో స్వల్ప తేడా వచ్చినను అక్షరము మారిపోవును. కొంతసేపు వాదించుకొన్న పిమ్మట విద్యార్థులే ఒక ఒప్పందమునకు వత్తురు: ముందుగా బల్బును పలుమార్లు వెలిగించి ఆర్పవలెను, దానిని చూచి అందుకొనువాడు తాళము పట్టుకొనవలెను, ఆపై ఒక గుర్తు ఇచ్చి సందేశము మొదలుపెట్టవలెను. ఆ క్షణమున వారికి చెప్పవలసిన మాట ఒక్కటే. ఈథర్‌నెట్‌లో ప్రతి సందేశమునకు ముందు ఏడు బైట్ల నిండ ఒకట్లు, సున్నలు ఒకదాని తరువాత ఒకటి వచ్చును. ఎనిమిదవ బైటు చివర రెండు ఒకట్లు వరుసగా వచ్చి "ఇక మొదలు" అని తెలుపును. 1973లో అమెరికాలోని జిరాక్స్ సంస్థ పరిశోధనశాలలో రాబర్ట్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ ప్రభృతులు రూపొందించిన విధానమునకు, ఇప్పుడు వీరు కనుగొన్న దానికి మూలభావము ఒక్కటే. ప్రోటోకాలు అనగా పెద్దలు వ్రాసి పెట్టిన శాసనము కాదు, పని జరుగుటకు ఇరువురు చేసికొన్న ఒడంబడిక అని ఇక వేరుగా చెప్పనక్కరలేదు.

రెండవ పాఠము చీటీలతో. నలుబది అక్షరముల వాక్యమును ఎనిమిది చీటీలుగా, చీటీకి ఐదు అక్షరముల చొప్పున, విడదీయవలెను. ప్రతి చీటీపై ఎవరినుండి, ఎవరికి, ఎన్నవది, మొత్తమెన్ని అని వ్రాయవలెను. తరగతిలో కూర్చున్నవారందరు రౌటర్లే. ఎవరైనను తమ ప్రక్కవానికే చీటీ ఇవ్వవచ్చును, లేచి వెళ్లరాదు. చీటీలు వేరువేరు దారులలో పోయి క్రమము తప్పి చేరును. సంఖ్యలున్నవి కావున చేరినచోట క్రమపరచుకొందురు. బ్రిటన్‌లో డోనాల్డ్ డేవిస్, అమెరికాలో పాల్ బారన్ 1960లలో పరస్పర సంబంధము లేకయే ఈ పద్ధతిని ఊహించిరి. ఆ చీటీకి 'ప్యాకెట్' అని పేరు పెట్టినది డేవిస్.

ఆట సాగుచుండగా ఉపాధ్యాయుడు నడుమ ఒక చీటీని రహస్యముగా తీసి జేబులో వేసికొనవలెను. ఐదవ చీటీ రాలేదు. ఇప్పుడు ఎవరు ఎవరికి చెప్పవలెను? ఎంతసేపు వేచియుండవలెను? "అందినది" అని తిరిగి పంపిన చీటీయే దారిలో పోయినచో? పంపినవాడు మరల పంపును, అందుకొన్నవాని వద్ద ఒకే చీటీ రెండు చేరును, సంఖ్యను చూచి ఒకదానిని పారవేయును. ఇదంతయు టిసిపి అను ప్రోటోకాలులో ఉన్నదే. దీని మూలరూపమును వింట్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ 1974లో ప్రకటించిరి. 1983 జనవరి 1న ఆర్పానెట్ యావత్తు ఈ పద్ధతికి మారినది.

ఇంకొక మెట్టు ఎక్కవచ్చును. ఏ విద్యార్థియైనను ఒకేసారి మూడు చీటీలకు మించి చేతిలో ఉంచుకొనరాదు, నాలుగవది వచ్చినచో నేలపై వదలవలెను అని నియమము పెట్టి, నలుగురు ఒకేసారి సందేశములు పంపవలెను. రెండు నిమిషములలో నేల నిండ చీటీలు పడును. పోయినవాటిని మరల పంపినకొలది రద్దీ ఇంకను పెరుగును. ఇది తరగతి గదిలో వేడుకగా తోచును గాని నిజముగా జరిగిన విషయమే. 1986 అక్టోబరులో కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకు, బర్క్‌లీ విశ్వవిద్యాలయమునకు నడుమ - దూరము 400 గజములే - సెకనుకు 32,000 బిట్లు పోవలసిన మార్గములో 40 బిట్లు మాత్రమే పోయినవి. వాన్ జేకబ్‌సన్ కారణమును శోధించి, చీటీలు పోవుచున్నవని తెలిసినపుడు పంపువాడు తనంతట తాను వేగమును తగ్గించుకొనవలెనను ఉపాయమును 1988లో ప్రచురించెను. నేలపై పడిన చీటీలను చూచిన విద్యార్థికి ఈ ఉపాయము యొక్క విలువ వెంటనే తెలియును. చూడనివానికి అది పుస్తకములోని మరియొక శీర్షిక.

చిరునామాల విషయమునకు మన తపాలా శాఖ కంటె మంచి ఉపమానము మాకు కనబడలేదు. 1972 ఆగస్టు 15న ప్రవేశపెట్టిన పిన్ కోడులో ఆరు అంకెలు కలవు. మొదటి అంకె 5 అయినచో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక ప్రాంతము. మొదటి మూడంకెలను బట్టి తపాలా వేరుచేయు జిల్లా తెలియును. చివరి మూడంకెలు పంపిణీ చేయు కార్యాలయమును తెలుపును. 500001 అను సంఖ్యను చూచిన ఢిల్లీ గుమాస్తాకు హైదరాబాదులోని వీధులు తెలియనక్కరలేదు; మొదటి అంకెలను చూచి సంచిలో వేసినచో చాలును. రౌటరు చేయు పని ఇదే: చిరునామాలోని ముందు భాగమును మాత్రము చూచి, తరువాతి మజిలీ ఏదో నిర్ణయించుట. ఉపమానము ఎక్కడ తప్పునో కూడ చెప్పవలెను. పిన్ కోడు స్థలమును బట్టి వచ్చును. ఐపి చిరునామా నెట్‌వర్కును బట్టి వచ్చును, భూగోళముతో దానికి నేరుగా సంబంధము లేదు.

ఇక తీగ. మేము ఎక్కువ కాలము కేటాయించవలెనని కోరునది ఈ పాఠమునకే. తీగ తొడుగు లోపల ఎనిమిది సన్నని రాగి తీగలు నాలుగు జంటలుగా మెలివేయబడి యుండును. మెలి ఎందుకు? జంటలోని రెండు తీగలలో పరస్పర విరుద్ధమైన సంకేతములు పోవుచుండును. బయటినుండి వచ్చు విద్యుత్ అలజడి రెండింటిపై సమానముగా పడును. అందుకొను యంత్రము రెండింటి భేదమును మాత్రమే గ్రహించును కావున అలజడి దానంతట అది రద్దగును. టెలిఫోను తీగలకై అలెగ్జాండర్ గ్రాహమ్ బెల్ 1881లోనే ఈ మెలిపై పేటెంటు పొందెను. నూరేండ్లకు పైబడిన ఉపాయము మీద నేటి కార్యాలయములన్నియు నడుచుచున్నవి.

తీగను కనెక్టరులో అమర్చు క్రమము ఇది: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలము, తెలుపు-నీలము, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. దీనిని 'బి' క్రమమందురు. ఆకుపచ్చ జంట మూడవ, ఆరవ స్థానములలో విడిపోయి ఉండుట చూచి విద్యార్థులు ఆశ్చర్యపడుదురు. నడిమి రెండు స్థానములు పూర్వము టెలిఫోను జంటకు కేటాయించినవి. దానిని కదల్చకుండ మిగిలినవాటిని చుట్టు సర్దిరి. ఈ కారణము చెప్పనిచో క్రమము ఒక మంత్రముగా మిగులును.

ఇచ్చట ఒక పొరపాటును ఉద్దేశపూర్వకముగా చేయించవలెను. జంటలన్నింటిని వరుసగా - నారింజ జంట, ఆకుపచ్చ జంట, నీలము జంట, గోధుమ జంట - ఒకదాని ప్రక్కన ఒకటి రెండు కొసలందును ఒకే విధముగా అమర్చవలెను. పరీక్షించు పరికరములో ఎనిమిది దీపములు వరుసగా వెలుగును. తీగ సరియైనదని అది చెప్పును. కాని మూడవ స్థానమున ఆకుపచ్చ జంటలోని తీగ, ఆరవ స్థానమున నీలము జంటలోని తీగ ఉన్నవి. కలిసి పనిచేయవలసిన ఆ రెండింటికి నడుమ మెలి లేదు. తీగ పొట్టిదైనచో పని జరిగినను జరుగును. ముప్పది, నలుబది మీటర్లైనచో దోషములు పుట్టి వేగము పడిపోవును, లేదా సంబంధమే ఏర్పడదు. పరికరము "బాగున్నది" అనును, కంప్యూటరు "బాగులేదు" అనును. ఇద్దరిలో ఎవరిని నమ్మవలెను? ఆ పరికరము పరీక్షించునది తీగ తెగియున్నదా లేదా అనునది మాత్రమే, మెలి సంగతి దానికి తెలియదు అని విద్యార్థి గ్రహించిననాడు అతడు పరికరమునకు దాసుడు కాక యజమాని అగును. తొడుగు తీసినచోట అర అంగుళము కంటె ఎక్కువగా మెలి విప్పరాదను నియమము కూడ అప్పుడే అర్థమగును.

ఈ సందర్భమున ఒక మాట. ప్రయోగశాలలలో కనెక్టరు బిగించు పనిముట్టు విద్యార్థుల చేతిలోను, రికార్డు పుస్తకము విద్యార్థినుల చేతిలోను ఉండుట పరిపాటి అయినది. అందమైన చేతివ్రాత ఉన్నవారు వ్రాయుటకే పుట్టలేదు. ప్రతివారు తమ తీగను తామే చేయవలెను, తమ రికార్డును తామే వ్రాసికొనవలెను. ఈ నియమమును సడలించరాదు.

తీగ సిద్ధమైన పిమ్మట రెండు పాత కంప్యూటర్లు. కార్యాలయములు పనికిరావని తీసివేసినవి చాలును. వాటిలో ఉచితముగా లభించు లినక్స్ వేసికొనవచ్చును. పాత కంప్యూటర్లలో మరియొక సౌలభ్యము కలదు. క్రొత్త యంత్రములు పంపు జంట ఏదో, అందుకొను జంట ఏదో తామే సర్దుకొనును. చాల పాతవి సర్దుకొనలేవు. రెండింటిని నేరుగా కలుపుటకు ఒక కొసన 'బి' క్రమము, రెండవ కొసన 'ఏ' క్రమము గల అడ్డ తీగ కావలెను. పాతదనము కూడ పాఠము చెప్పును.

ఒకదానికి 192.168.1.10, రెండవదానికి 192.168.1.200 అని చిరునామాలిచ్చి, రెండింటికి మాస్కు 255.255.255.0 అని పెట్టవలెను. 'పింగ్' ఆదేశముతో పిలిచినచో బదులు వచ్చును. రానిచో పెక్కు సందర్భములలో కారణము కంప్యూటరులోని రక్షక గోడ. విండోస్‌లో అది మొదటినుండియే ఇట్టి పిలుపులను ఆపి యుండవచ్చును. ఇప్పుడు రెండింటి మాస్కును 255.255.255.128 అని మార్చవలెను. తీగ మారలేదు, దీపములు వెలుగుచున్నవి, అయినను బదులు లేదు. 10 అను సంఖ్య 0-127 భాగములోను, 200 అను సంఖ్య 128-255 భాగములోను పడినవి. ఒకే బల్లపై నున్న రెండు యంత్రములు రెండు వేరు ఊళ్లవైనవి, నడుమ దారి చూపు రౌటరు లేదు. మాస్కు లెక్కలు తరగతిలో నల్లబల్లపై వారములు చేయించినను రాని అవగాహన ఈ పది నిమిషములలో వచ్చుచున్నది.

ఇదే సమయమున వైర్‌షార్క్ అను ఉచిత సాధనమును తెరచి ఉంచవలెను. జెరాల్డ్ కూంబ్స్ 1998లో ఈథీరియల్ అను పేర దీనిని విడుదల చేసెను. 2006లో పేరు మారినది. తీగపై పోవు ప్రతి చీటీని ఇది కంటికి చూపును. పింగ్ పోకముందే ఒక కంప్యూటరు "192.168.1.200 ఎవరిది?" అని అందరిని అడుగుట, ఆ యంత్రము తన 48 బిట్ల యంత్ర చిరునామాను తెలుపుట కనిపించును. విండోస్ పంపు పింగ్ లోపల 32 బైట్లలో ఇంగ్లీషు అక్షరమాల వరుసగా 'డబ్ల్యు' వరకు వచ్చి మరల మొదటినుండి మొదలగుట చూచి విద్యార్థులు నవ్వుదురు. ఆ నవ్వులో ఏడు పొరల భయము సగము పోవును. ఏలయనగా అదే తెరపై ఒక చీటీని నొక్కినచో పైతొడుగు ఈథర్‌నెట్, దాని లోపల ఐపి, దాని లోపల అసలు సందేశము ఒకదానిలో ఒకటి ఇమిడియుండుట ప్రత్యక్షముగా కానవచ్చును.

మన కళాశాలకు ప్రత్యేకముగా తగిన ప్రయోగము ఒకటి ఉన్నది. పైథాన్ భాషలో ఒక్క పంక్తి ఆదేశముతో పాత కంప్యూటరును చిన్న వెబ్ సర్వరుగా మార్చవచ్చును. అందులో మూడు చిన్న ఫైళ్లు యుటిఎఫ్-8 పద్ధతిలో ఉంచవలెను: ఒకదానిలో ఇంగ్లీషు 'మదర్', ఒకదానిలో ఉర్దూ 'మాఁ', ఒకదానిలో తెలుగు 'అమ్మ'. వాటి పరిమాణమును ముందుగా ఊహించి వ్రాయుమనవలెను. ఇంగ్లీషు పదమునకు ఆరు అక్షరములు, ఆరు బైట్లు. ఉర్దూ పదములో మీమ్, అలిఫ్, నూన్-గున్నా అను మూడక్షరములకు రెండేసి బైట్ల చొప్పున ఆరు బైట్లు. 'అమ్మ' చూచుటకు రెండక్షరములే. కాని కంప్యూటరు లెక్కలో అ, మ, పొల్లు, మ అను నాలుగు గుర్తులు, ఒక్కొక్కదానికి మూడు బైట్లు, వెరసి పండ్రెండు. 'అ' ఒక్కటియే 224, 176, 133 అను మూడు సంఖ్యలుగా తీగపై పోవును; అలిఫ్ 216, 167 అను రెండు సంఖ్యలుగా పోవును. ఈ పద్ధతిని కెన్ థాంప్సన్, రాబ్ పైక్ 1992లో రూపొందించిరి.

ఇందులో ఉర్దూ విద్యార్థులు తప్పక అడుగు ప్రశ్న ఒకటి: కుడినుండి ఎడమకు వ్రాయు లిపి తీగపై ఎటునుండి ఎటు పోవును? వైర్‌షార్క్ చూపు సమాధానము సరళమైనది. చదువునపుడు ఏ అక్షరము ముందు వచ్చునో తీగపై కూడ అదే ముందు పోవును. కుడి ఎడమలు తెరకు సంబంధించినవి. తీగకు ముందు, వెనుక మాత్రమే తెలియును. ఈ ప్రయోగమును ఒక ఉర్దూ విద్యార్థి, ఒక తెలుగు విద్యార్థి జతగా చేయవలెనని మా కోరిక. ఒకరి లిపిని మరియొకరు బైట్ల రూపమున చదువుట ఇంతకు ముందు ఏ తరగతిలోను జరిగి ఉండదు.

ఎనిమిది ద్వారముల చిన్న స్విచ్చి ఒకటి కొన్నచో ఇంకొక చక్కని ప్రయోగము సాధ్యమగును. ఒకే తీగ రెండు కొసలను అదే స్విచ్చిలోని రెండు ద్వారములలో పెట్టవలెను. "ఎవరిది?" అను ఒక్క ప్రశ్న వచ్చినచో స్విచ్చి దానిని అన్ని ద్వారములకు పంపును, అది ఆ తీగ గుండా తిరిగి తన వద్దకే వచ్చును, మరల అన్నింటికి పంపును. దీపములన్నియు పిచ్చిగా మినుకుచుండును, ఎవరికి ఎవరు బదులీయలేరు. ఐపి చీటీకి ఆయుర్దాయము ఉన్నది - ప్రతి రౌటరు వద్ద ఒకటి తగ్గి, సున్న అయినచో చచ్చును. ఈథర్‌నెట్ చీటీకి అట్టిది లేదు, కావున తిరుగుచునే ఉండును. తీగ ఒక కొస లాగివేసినచో క్షణములో శాంతించును. కార్యాలయములలో ఊడ్చువారు క్రింద పడియున్న తీగ కొసను మంచిమనసుతో ఖాళీ ద్వారములో గ్రుచ్చినను ఇదే జరుగును. దీనికి నివారణగా, ఉంగరమైపోయిన దారులలో కొన్నింటిని స్విచ్చిలే తమకు తాము మూసివేసికొను పద్ధతిని రేడియా పెర్ల్‌మన్ అను విదుషీమణి 1985లో కనుగొనెను. తన పరిశోధన వ్యాసములోనే ఆ పద్ధతిపై ఒక చిన్న కవితను కూడ చేర్చెను. ముషాయిరాలపై మక్కువ గల మన విద్యార్థులు గమనింతురు గాక. చవకరకపు స్విచ్చిలలో ఈ రక్షణ సాధారణముగా ఉండదు. ప్రయోగమునకు అదియే మనకు మేలు. అయితే ఆ స్విచ్చి కళాశాల కార్యాలయపు నెట్‌వర్కుతో ఏ విధముగను కలిసి ఉండరాదు.

ఇంటర్నెట్ సంబంధమున్న ఒక్క కంప్యూటరుతో భౌతికశాస్త్ర విభాగము వారు కూడ పాల్గొనదగిన ప్రయోగము చేయవచ్చును. గాజు తంతువులో కాంతి వేగము సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు. హైదరాబాదునుండి ఢిల్లీ సుమారు 1,250 కిలోమీటర్లు. పోయి వచ్చుటకు కనీసము 12.5 మిల్లీసెకన్లు. లండన్ సుమారు 7,700 కిలోమీటర్లు. పోయి వచ్చుటకు కనీసము 77 మిల్లీసెకన్లు. భూమికి 35,786 కిలోమీటర్ల ఎత్తున నిలుచు ఉపగ్రహము గుండా పోయినచో పిలుపు, బదులు కలిపి దాదాపు అర సెకను. ఇప్పుడు విదేశీ సంస్థ పేరున్న ఏదైన చిరునామాను పింగ్ చేయవలెను. బదులు 10 మిల్లీసెకన్లలో వచ్చినచో ఆ యంత్రము లండన్‌లో ఉండుట అసాధ్యము. కాంతి కూడ అంత వేగముగా పోయి రాలేదు. దాని ప్రతి మన దేశములోనే ఎక్కడనో ఉన్నదని విద్యార్థి ఎవరిని అడుగకయే నిర్ధారించును. పింగ్‌ను 1983 డిసెంబరులో మైక్ మూస్ వ్రాసెను. జలాంతర్గామిని వెదకు ధ్వనియంత్రపు చప్పుడే దానికి పేరైనది.

పేర్ల ప్రయోగము సులభము. ప్రతి కంప్యూటరులో పేర్లు, చిరునామాలు వ్రాసి ఉంచు ఒక చిన్న ఫైలు కలదు. అందులో ఒక యంత్రమునకు గోలకొండ అని, మరియొకదానికి ఓరుగల్లు అని ఇంగ్లీషు అక్షరములతో పేర్లు పెట్టి ఆ పేరుతోనే పిలువవచ్చును. ఆర్పానెట్ తొలినాళ్లలో అందరికి కలిపి ఇట్టి పట్టిక ఒక్కటే ఉండెడిది. యంత్రములు పెరిగి పట్టిక మోయరానిదైనపుడు పాల్ మోకాపెట్రిస్ 1983లో నేటి పేర్ల వ్యవస్థను రూపొందించెను. ఒకరికి తెలియకుండ వారి ఫైలులో గోలకొండ ఎదుట ఓరుగల్లు చిరునామా వ్రాసినచో, వారు గోలకొండకు పోవుచున్నామనుకొని ఓరుగల్లు చేరుదురు. బ్యాంకు పేరున జరుగు మోసములలో ఒక రకము ఇదే.

ఇట్టి విషయములు నేర్పునపుడు కట్టడి అవసరము. వైర్‌షార్క్‌ను మన ప్రయోగశాలలోని విడి నెట్‌వర్కుపై, అందున్నవారందరి అంగీకారముతో మాత్రమే వాడవలెను. సాదా వెబ్ పుటలో నింపిన సంకేతపదము తీగపై బట్టబయలుగా పోవుట, తాళము గుర్తున్న పుటలో నింపినది చదువరాకుండుట రెండును ప్రక్కప్రక్కన చూపవలెను. కాని కల్పిత పేర్లతో, కల్పిత సంకేతపదములతోనే. ఇతరుల యంత్రములలోనికి అనుమతి లేక చొరబడుట 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము క్రింద శిక్షార్హమని విద్యార్థులు మొదటినాడే తెలిసికొనవలెను.

పెద్ద రౌటర్ల మధ్య జరుగు వ్యవహారములు, గాజు తంతువుల అతుకులు, వందల యంత్రముల నిర్వహణ - ఇవి ఈ చిన్న సామగ్రితో చూపలేము. వాటికి ప్యాకెట్ ట్రేసర్ వంటి అనుకరణ సాధనములు ఉచితముగానే దొరకును, వాటిని వాడవలసినదే. అయితే క్రమము ముఖ్యము. తీగ తరువాత తెర రావలెను గాని తెర తరువాత తీగ కాదు. అనుకరణలో కనెక్టరు వదులు కాదు, దుమ్ము పట్టదు, ఎలుక కొరుకదు. ఉద్యోగములో మొదటినాడు ఎదురగునవి అవే.

పరీక్ష విషయము. విశ్వవిద్యాలయపు ప్రయోగ పరీక్షకు వారి జాబితా వారికున్నది. దానిని మనము మార్చలేము. అంతర్గత మార్కులు మాత్రము మన చేతిలోనివి. ఆ మార్కులను రికార్డు పుస్తకపు అట్టకు కాక దోష నిర్ధారణకు ఇవ్వవలెనని మా సూచన. మూడు కంప్యూటర్ల చిన్న నెట్‌వర్కులో ముందుగా మూడు దోషములు పెట్టవలెను: ఒక తీగలో జంటలు తారుమారు, ఒక యంత్రమునకు తప్పు మాస్కు, రెండు యంత్రములకు ఒకే చిరునామా. అరగంటలో కనిపెట్టి, ఏది ఎందుకు అనుమానించినది, దేనిని ఎట్లు కొట్టివేసినది విద్యార్థి తన భాషలో - ఉర్దూ కానిండు, తెలుగు కానిండు - నోటితో చెప్పవలెను. మూడింటిలో ఒక్కటియే దొరికినను, వెదకిన క్రమము సరియైనదైనచో సగమునకు మించి మార్కులు ఇవ్వదగును.

కమిటీ వారికి మా విన్నపము ఇది. కనెక్టర్లు బిగించు పనిముట్లు రెండు, తీగ పరీక్షించు పరికరములు రెండు, వంద మీటర్ల తీగ, రెండు వందల కనెక్టర్లు, ఎనిమిది ద్వారముల స్విచ్చిలు రెండు, ఆరు పాత కంప్యూటర్లు, టార్చి సెల్సు, బల్బులు కొన్ని - ఇవి మొదటి సంవత్సరమునకు చాలును. సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటిచోట ఇవన్నియు ఒకే పూటలో దొరకును; అన్నింటి వెల కలిపినను ఒక పెద్ద రౌటరు వెలకు సమీపమునకు కూడ రాదు. కాని కొనుట కంటె ముఖ్యమైనది లెక్క వ్రాయు పద్ధతి. కనెక్టరును ఒకసారి బిగించిన తరువాత విప్పి మరల వాడుట కుదరదు. చేయి కుదురువరకు ప్రతి విద్యార్థి రెండు మూడు పాడుచేయును. వాటిని స్థిర సామగ్రి పుస్తకములో ఎక్కించి సంవత్సరాంతమున రెండు వందలు చూపుమన్నచో, ఏ ఉపాధ్యాయుడును పెట్టె తాళము తీయడు. విద్యార్థులు దూరమునుండి పెట్టెను దర్శించి పోవుదురు. రసాయన శాస్త్ర విభాగములో ఖర్చైన ఆమ్లమును తిరిగి చూపుమని ఎవరును అడుగరు గదా. కనెక్టర్లను, తీగను అదే విధముగా ఖర్చగు సామగ్రి పద్దు క్రింద చేర్చి, ఏటేట కొంత మొత్తము విడిగా మంజూరు చేయవలెనని కోరుచున్నాము. విరిగిన కనెక్టర్లను పారవేయక ఒక సీసాలో దాచియుంచెదము; కమిటీ వారు తనిఖీకి వచ్చునపుడు వాటిని కూడ చూడవచ్చును.